యంత్రానువాదము - ఇరుగుపొరుగు భాషలు

ఆంధ్రదేశమునకు వెలుపల తరతరములుగా స్థిరపడిన తెలుగువారికి అనువాదము దినచర్యలోనిది. హోసూరు ప్రాంతపు తెలుగువానికి ఇంటి భాష తెలుగు, కచేరి భాష తమిళము. కోలారు, బళ్ళారి సీమలవారికి కన్నడమును, బరంపురము, పర్లాకిమిడి వారికి ఒడియాయును, షోలాపురము, ముంబయి వారికి మరాఠీయును అట్టివే. యానాములో తెలుగే వ్యవహారభాష యైనను, 1954 వరకు సాగిన ఫ్రెంచి పాలన నాటి పత్రములను చదువవలసిన అవసరము అక్కడివారికి కలుగుచునే యుండును. ఇంతకాలము ఈ భాషల నడుమ నిలిచి ఒక దానిని మరియొక దానిలోనికి చెప్పినవారు ఇంటి పెద్దలు, బడిపంతుళ్ళు, దస్తావేజు లేఖరులు. నేడు ఆ స్థానమున పెక్కుచోట్ల యంత్రము నిలిచినది. పంచాయతీ ప్రకటనగాని, ఆసుపత్రి చీటిగాని, తాతగారి ఉత్తరముగాని, బ్రౌజరులో తెరచి ఒక మీట నొక్కినచో క్షణములో తెలుగై వచ్చుచున్నది.

ఒక అనువాద గ్రంథము వెలువడినప్పుడు విమర్శకుడు మూలము ఎంత వచ్చినది, ఎంత జారినది, జారుటకు కారణమేమి అని విచారించును. ఈ యంత్రమును గూడ అట్లే విచారింపవలసి యున్నది. దాని తప్పులను పోగుచేసి నవ్వుకొనుట సులభము. కాని నేడు కనబడిన తప్పు రేపు సవరింపబడవచ్చును. స్థిరముగా తెలిసికొనదగినది తప్పు పుట్టు చోటు. తెలుగునకును దాని పొరుగు భాషలకును నడుమ యంత్రము నడచు దారి పెక్కుసారులు నేరుగా పోవునది కాదు. అది ఆంగ్లము మీదుగా పోవునది. ఆ చుట్టుదారిలో జారిపోవునవి ఆంగ్లమునకు లేక, ఇరుగుపొరుగు భాషలకు ఉమ్మడిగా నున్న సంపదలే. ఈ వ్యాసమున నిరూపింపదలచిన విషయ మిదియే.

1. యంత్రము నడచిన దారి

యంత్రముచే అనువాదము చేయించు ప్రయత్నము కొత్తది కాదు. 1954 జనవరి 7న న్యూయార్కులో జార్జిటౌన్ విశ్వవిద్యాలయమువారును ఐ.బి.ఎం. సంస్థవారును కలసి రష్యను వాక్యములను అరువదికి పైగా యంత్రముచే ఆంగ్లములోనికి మార్పించి చూపిరి. ఆ యంత్రమునకు తెలిసిన పదములు 250, సూత్రములు 6. కొలది యేండ్లలోనే సమస్య తీరిపోవునని అప్పుడు పలువురు ఆశించిరి. 1966లో అమెరికా నిపుణసంఘ మొకటి ఆ ఆశ తొందరపాటని నివేదిక నిచ్చుటతో అక్కడ ధనసహాయము తగ్గిపోయినది.

తరువాతి కాలమున సూత్రములను వ్రాసి యిచ్చు పద్ధతి వెనుకబడి, మనుష్యులు చేసిన అనువాదములను లక్షలకొలది వాక్యములుగా యంత్రమునకు చూపి, వానినుండియే నేర్చుకొనజేయు పద్ధతి ముందునకు వచ్చినది. 2006లో మొదలైన గూగుల్ అనువాదము ఈ త్రోవనే నడచినది. అందు తెలుగు, తమిళము, కన్నడము 2011 జూనులోను, మరాఠీ 2013లోను, ఒడియా 2020లోను చేరినవి. 2017లో తెలుగుతో కూడ పెక్కు భారతీయ భాషలకు నాడీజాలమును పోలిన కొత్త పద్ధతి అమలునకు వచ్చి, వాక్యముల కూర్పు మునుపటికంటె స్పష్టముగా మెరుగుపడినది.

ఇందొక చిక్కు కలదు. తెలుగునుండి ఆంగ్లమునకు, ఆంగ్లమునుండి తెలుగునకు చేసిన అనువాదములు విస్తారముగా దొరకును. తెలుగునుండి నేరుగా తమిళమునకో ఒడియాకో చేసినవి, యంత్రమునకు పాఠముగా చూపదగినంత రాశిగా దొరకుట అరుదు. అందుచేత యంత్రము తమిళమును మొదట ఆంగ్లము చేసి, పిదప ఆ ఆంగ్లమును తెలుగు చేయుట ఆచారమైనది. తాను జంటగా ఎన్నడు చూడని రెండు భాషల నడుమ సయితము నేరుగా అనువదింపగల నమూనాను గూగుల్ వారు 2016లో ప్రకటించిరి. ఐనను ఆ నమూనా నేర్చిన పాఠములలో అధికభాగము ఒకవైపు ఆంగ్లము కలవే. మద్రాసు ఐ.ఐ.టి.కి చెందిన ఏఐ ఫర్ భారత్ బృందమువారు 2021లో వెలువరించిన సమానాంతర్ అను వాక్యసంచయమున 11 భారతీయ భాషలకు సంబంధించిన జంటవాక్యములు కోట్లకొలది కలవు. కాని అందు భారతీయ భాషలకు పరస్పరము కూర్చిన జంటలు ఆంగ్లవాక్యమును నడుమ నుంచుకొని కూర్చినవే. ఒకే ఆంగ్లవాక్యమునకు తెలుగు, తమిళము రెండును దొరకినచో ఆ రెంటిని జతపరచిరి. దారి నేరుగా కనబడినను పునాది ఆంగ్లమే.

దీనికి భిన్నమైన ప్రయత్నములు ఈ దేశమున జరుగకపోలేదు. కాన్పూరు ఐ.ఐ.టి., హైదరాబాదు విశ్వవిద్యాలయముల పండితులు 1990 తరువాతి దశకమున అనుసారక యను యంత్రమును నిర్మించి, తెలుగు, కన్నడ, మరాఠీ మొదలగు భాషలను నేరుగా హిందీలోనికి తెచ్చుటకు పూనుకొనిరి. భారతీయ భాషల వాక్యనిర్మాణము చాలవరకు ఒక్కటే కావున మూలమును అతిగా కదల్పక, మాటకు మాటగా నడచి, మిగిలిన సందిగ్ధమును చదువరి వివేకమునకు వదలుట వారి సిద్ధాంతము. పిదప హైదరాబాదు ట్రిపుల్ ఐ.టి. ముందుండి నడపిన సంపర్క్ పథకమున తెలుగు-తమిళ జంటకు ప్రత్యేక యంత్రము సిద్ధమైనది. వీని ఫలితములు చదువుటకు సొంపుగా లేకపోవచ్చును గాని, సోదరభాషలను సోదరభాషలుగానే చూచిన దృష్టి వానిది.

2. ఆంగ్లపు దారిలో జారిపోవునవి

మొదటిది సర్వనామము. తెలుగున ‘మనము’, ‘మేము’ అని రెండు కలవు. వినువానిని కలుపుకొన్నచో మనము, మినహాయించినచో మేము. తమిళమున నాం, నాంగళ్ అనునవి సరిగా ఇట్టివే. మరాఠీ ఆర్యభాష యయ్యు ఆపణ్, ఆమ్హీ అని ఈ భేదమును నిలుపుకొన్నది. ఆంగ్లమున ‘వుయ్’ అనునది యొక్కటే. ‘ఈ ఖర్చును మనము భరింతము’ అనుటకును, ‘ఈ ఖర్చును మేము భరింతుము’ అనుటకును ఎంత దూరమో ఇద్దరు వియ్యంకుల నడిగిన తెలియును. తమిళమున స్పష్టముగా నున్న ఈ మాట ఆంగ్లముగా మారినప్పుడు భేదము నశించును. తెలుగైనప్పుడు యంత్రము ఊహించి ఒక దానిని వ్రాయును. కన్నడవ్యవహారమున మాత్రము నావు అనునది యొక్కటే కావున, కన్నడమునుండి వచ్చునప్పటి సందిగ్ధము కన్నడమునదే. ఆంగ్లమును నిందింప బనిలేదు.

రెండవది మర్యాద. తెలుగున నీవు, మీరు. తమిళమున నీ, నీంగళ్. కన్నడమున నీను, నీవు. మరాఠీలో తూ, తుమ్హీ. ఒడియాలోనైతే తు, తుమే, ఆపణ అని మూడంతరములు. ఆంగ్లమున అందరికి ‘యూ’ యొక్కటే. వేలూరి యువకుడొకడు తమిళ మిత్రుని తండ్రికి తెలుగున ‘మీరు దయచేయుడు’ అని వ్రాసి యంత్రమున కిచ్చినచో, ఆ మర్యాద తమిళము చేరునో లేదో చెప్పజాలము. యానాము పాతకాగితముల ఫ్రెంచిలో తు, వు అను భేదము అచ్చముగా తెలుగు నీవు, మీరుల వంటిదే. ఖండాంతరముల కావలి భాష తెలుగుతో కలసిన చోట గూడ నడుమనున్న ఆంగ్లము ఆ కలయికను తుడిచివేయుచున్నది.

మూడవది బంధుత్వము. అన్న, తమ్ముడు అను భేదము తమిళమున అణ్ణన్, తంబి యనియు, కన్నడమున అణ్ణ, తమ్మ యనియు కలదు. మేనమామ వేరు, చిన్నాన్న వేరు. తమిళులకు మామా, చిత్తప్పా. మరాఠీవారికి మామా, కాకా. కన్నడిగులకు మావ, చిక్కప్ప. ఆంగ్లమున వీరందరు ‘అంకుల్’. పెండ్లి శుభలేఖలో మేనమామ చిన్నాన్న యైనచో చదివినవారు నవ్వుకొందురు. వారసత్వపు వివాదమున దాఖలైన వాఙ్మూలములో అదే జరిగినచో తల్లివైపు ఆస్తి తండ్రివైపునకు పోయినట్లు అర్థమగును.

నాలుగవది ‘తాను’ అను చిన్నమాట. ‘తాను చెల్లింతునని సుబ్బయ్య చెప్పెను’ అన్నచో చెల్లించువాడు సుబ్బయ్యయే. ‘అతడు చెల్లించునని సుబ్బయ్య చెప్పెను’ అన్నచో చెల్లించువాడు వేరొకడు. తమిళమున తాన్, కన్నడమున తాను ఈ పనినే చేయుచున్నవి. ఆంగ్లమున రెండుచోట్లను ‘హీ’ అనియే వచ్చును. ఋణపత్రములందును, సాక్షుల మాటలందును ఇంతకంటె ముఖ్యమైన మాట లేదు. మూలమున నిశ్చయముగా నున్న బాధ్యత అనువాదమున ఎవరిదో తెలియకుండ పోవును. తెలియకుండ పోయినట్లు సయితము చదువరికి తెలియదు. వాక్యము మాత్రము నున్నగా నుండును.

ఐదవది కాలము. తెలుగు వ్యవహారమున ‘వస్తాడు’ అనునది రోజును వచ్చుటను చెప్పును, రేపు వచ్చుటను చెప్పును. కన్నడమున బరుత్తానె అనునదియు అట్టిదే. ఒక సందిగ్ధపదమునకు మరియొక భాషలో సరిగా అట్టి సందిగ్ధపదమే దొరకుట అనువాదకునికి వరము. ఏమియు నిర్ణయింపక అప్పగింపవచ్చును. ఆంగ్లమో, రెండింటిలో నొకటి యెన్నుకొమ్మని బలవంతపెట్టును. ‘డాక్టరు సోమవారము వస్తాడు’ అనునది ప్రతి సోమవారమునకో, రాబోవు సోమవారమునకో తేలిన తరువాతగాని కన్నడము చేరదు.

నుడికారమునకు ఒక్క ఉదాహరణము చాలును. ఇల్లు విడుచునప్పుడు ‘పోతాను’ అనుట అశుభమని తెలుగువారు ‘వెళ్ళివస్తాను’ అందురు. తమిళులు పోయిట్టు వరేన్ అందురు. కన్నడిగులు హోగి బరుత్తేనె అందురు. మరాఠీవారు యేతో, అనగా ‘వత్తును’ అని సెలవు తీసికొందురు. నాలుగిండ్ల వాకిళ్ళలో ఒకే ఆచారము వెలసినది. ఆంగ్లమున ఇది ‘బై’ యగును. అర్థము చెడలేదు; కాని తిరిగి రావలెనను కోరిక ఆ మాటలో లేదు. ఆంగ్లమునుండి తిరిగి తెలుగైనప్పుడు అది ‘వీడ్కోలు’ అయి కూర్చున్నచో ఆశ్చర్యపడ బనిలేదు.

3. ఆంగ్లమునకు చెందని దోషములు, ఒక గుణము

దోషములన్నియు చుట్టుదారివే యనుట న్యాయము కాదు. కొన్ని భాషల నడుమనే యున్నవి. తెలుగున కర్తను వదలి ‘వచ్చినది’ అన్నచో వచ్చినది స్త్రీయో, బండియో తెలియదు. తమిళమున వందాళ్, వందదు అనియు, కన్నడమున బందళు, బందితు అనియు వేరు చేయక తప్పదు. ఒడియా ఇందుకు భిన్నము. అందు సే అను సర్వనామము పురుషునికిని స్త్రీకిని ఒక్కటే, క్రియయు మారదు. దానిని తెలుగు చేయువాడు మనుష్యుడైనను ముందువెనుకల వాక్యములు చూడక నిర్ణయింపలేడు. 2018 డిసెంబరులో గూగుల్ వారు టర్కీ భాషనుండి చేయు కొన్ని అనువాదములకు స్త్రీరూపమును పురుషరూపమును రెండును చూపుట మొదలుపెట్టిరి. సందిగ్ధమును దాచక చదువరి యెదుట నుంచుట మెచ్చదగిన పద్ధతి. ‘మనము’, ‘మేము’లకు, ‘నీవు’, ‘మీరు’లకు గూడ అట్టిది రావలసి యున్నది.

లిపివలన కలుగు చిక్కులు మరికొన్ని. ఆంగ్లమున సంజ్ఞానామములకు పెద్దబడి అక్షరముండును. తెలుగున అట్టి గుర్తు లేదు. కావున బండి, తోట, గుర్రం వంటి ఇంటిపేళ్ళు మామూలు మాటలుగా అనువాదమగు ప్రమాదము కలదు. తమిళనాటి తెలుగువారిలో తెలుగు మాటాడుచు తెలుగులిపి యెరుగనివారు అనేకులు. వారు తెలుగును తమిళాక్షరములతో వ్రాసికొందురు. భాషను తానే గుర్తింపుమని యంత్రమున కప్పగించినచో అది అక్షరములను చూచి తమిళమనుకొనును. తమిళలిపిలో కకారమునకు, గకారమునకు, తకారమునకు, దకారమునకు వేర్వేరు గుర్తులు లేవు. ‘కథ’, ‘గద’ రెండును ఒకే తీరుగ వ్రాయబడును. అక్షరముఖ వంటి లిపిమార్పిడి సాధనముతో దానిని తెలుగులిపిలోనికి తెచ్చినను, ఏది కథయో ఏది గదయో చెప్పవలసినది చదువరియే. యూనికోడ్ వ్యాప్తికి పూర్వపు ఫాంట్లలో కూర్చిన పుస్తకములనుండి ఒక పుట నెత్తి అతికించినచో, కంటికి తెలుగుగా కనబడినది యంత్రమునకు అర్థములేని రోమను గుర్తుల వరుస.

ఆంగ్లపు చుట్టుదారి చేయు మేలు ఒకటి కలదు. దానిని చెప్పకున్న విమర్శ ఏకపక్షమగును. పొరుగుభాషలలో రూప మొక్కటియై అర్థము వేరైన పదములు మనుష్యులను మోసగించును. తెలుగున శిక్ష యనిన దండనము. ఒడియాలో శిక్షా యనిన చదువు. తెలుగున ఉపన్యాసము సభలో నిచ్చునది. ఒడియాలో ఉపన్యాసమనిన నవల. తెలుగున అవసరము కావలసి యుండుట. తమిళ కన్నడములందు అది తరచుగా తొందర. తెలుగున నీవు చిన్నవారికి, కన్నడమున నీవు పెద్దవారికి. మాటలు తెలిసినవే యను ధైర్యముతో మనుష్యుడు ఇచ్చట జారిపడును. యంత్రము ఆ పదములను ఆంగ్లార్థము ద్వారా చూచును గనుక ధ్వనిసామ్యమునకు మోసపోవుట తక్కువ. పదములయందు యంత్రమునకును, మనుష్యసంబంధములయందు మనుష్యునికిని ఎక్కువ విలువ నీయవచ్చునని దీనివలన తేలుచున్నది.

4. బ్రౌజరులోని మీటలు, పరీక్షించు విధము

దోషమెచ్చట పుట్టునో తెలిసినవానికి దానిని పట్టుకొను ఉపాయములు బ్రౌజరులోనే కలవు. మూలమును అనువాదమును రెండు ట్యాబులలో తెరచి, కంట్రోల్ మీటను పట్టి ట్యాబ్ మీట నొక్కినచో ఒకదానినుండి మరియొక దానికి మారవచ్చును. పొరబాటున మూసిన ట్యాబు కంట్రోల్, షిఫ్ట్, టి మీటలతో తిరిగి వచ్చును. కంట్రోల్ మీటతో ప్లస్ మీట నొక్కినచో అక్షరములు పెద్దవై, ఒత్తులు గుణింతములు తేటపడును. సున్న నొక్కినచో యథాస్థితికి వచ్చును. కంట్రోల్ మీటతో ఎఫ్ నొక్కి పుటలో మాటను వెదుకవచ్చును.

ఈ వెదుకులాటకు రెండు మెలికలు కలవు. బ్రౌజరు పుటను అనువదించి చూపుచున్నప్పుడు వెదుకునది అనువాదమునందే. తమిళ పదమును వెదుకదలచినచో మూలమును తిరిగి చూపుమని చెప్పి పిదప వెదుకవలెను. ఇక యంత్రము వెదుకునది అక్షరముల వరుసను, పదమును కాదు. ‘ఇల్లు’ అని వెదకినచో ‘ఇంటి’, ‘ఇండ్లు’, ‘ఇళ్ళలో’ అనునవి దొరకవు. విభక్తితో రూపు మారు తెలుగుమాటను రెండుమూడు రూపములలో వెదకినగాని, పత్రమున లేదని నిశ్చయింపరాదు.

మాట అర్థమును సరిచూచుటకు బ్రౌను నిఘంటువు చికాగో విశ్వవిద్యాలయమువారి దక్షిణాసియా నిఘంటువుల పుటలలో దొరకును. బ్రౌజరు అమరికలలో ఆ నిఘంటువునకు ఒక సంకేతాక్షరమును ఏర్పరచుకొన్నచో, కంట్రోల్ మీటతో ఎల్ నొక్కి చిరునామా పట్టీకి పోయి, సంకేతమును పదమును వ్రాసిన నేరుగా ఆ పదమే తెరచుకొనును.

తిప్పి చూచుట యను పరీక్ష నొకదానిని పలువురు నమ్ముదురు. తమిళమును తెలుగు చేసి, ఆ తెలుగును మరల తమిళము చేసి, మొదటి వాక్యమే వచ్చినచో అనువాదము సరియని వారి భావము. ఈ పరీక్ష సర్వనామముల విషయమున పనికిరాదు. నాంగళ్ అను తమిళమాట ‘వుయ్’ అయి, తప్పుగా ‘మనము’ అయి, మరల ‘వుయ్’ అయి, అదృష్టవశమున నాంగళ్ అయి తిరిగి రావచ్చును. మొదలు చివర కలసినవి గాని, నడుమనున్న తెలుగు తప్పు. రాకపోక రెండును ఒకే వారధి మీదుగా జరిగినప్పుడు వారధిలోని లోపము బయటపడదు. అంతకంటె మేలైనది అనువాదమున మనము, మేము, మీరు, తాను, అతడు అను మాటలను బంధువాచకములను ఏరి, మూలములోని వానితో ఒక్కొక్కటిగా పోల్చుట. మూలలిపి వచ్చినవాడొకడు ప్రక్కనున్నచో ఇది కొలదిపాటి పని.

వ్రాయువారును యంత్రమునకు తోడ్పడవచ్చును. కర్తను వదలక చెప్పుట, ఒక వాక్యమున ఒకే విషయమును చెప్పుట, ‘మామ’ అని విడువక ‘తల్లి తమ్ముడు’ అని విప్పుట, ‘వస్తాడు’ అనుచోట ‘ప్రతి సోమవారము’ అనియో ‘రాబోవు సోమవారము’ అనియో చేర్చుట మేలు. ఆస్తిపత్రములను, వైద్యుని చీటీలను అతికించునప్పుడు ఆ వ్రాత సాధారణముగా ఎచ్చటనో దూరమునున్న యంత్రమునకు పోవునని మరువరాదు. 2023లో వెలువడిన ఫైర్‌ఫాక్స్ 118వ రూపమునుండి ఆ బ్రౌజరు కొన్ని భాషల పుటలను సొంత కంప్యూటరులోనే అనువదించుచున్నది; ఆ పద్ధతి తెలుగు జంటలన్నిటికిని విస్తరించుట వాంఛనీయము.

5. సంఘములు చేయదగినది

యంత్రము దేనినుండి నేర్చుచున్నదో దానివంటిదే అగును. నేర్చుటకు దొరకిన తెలుగు పత్రికల తెలుగు, ప్రభుత్వ ప్రకటనల తెలుగు. ఇటీవల యంత్రమే వ్రాసి పుటలకెక్కించిన తెలుగు గూడ అందు కలయుచున్నది. అసహజముగా అనువదింపబడిన వాక్యము రేపటి యంత్రమునకు పాఠమైనచో దోషము వంశపారంపర్యమగును. గూగుల్ సాధనముతో అనువదించి భారతీయ భాషల వికీపీడియాలలో చేర్చిన వ్యాసములను 2010లో తమిళ వికీపీడియా రచయితలు బహిరంగముగ విమర్శించి, తమ భాషలోనికి వచ్చుదానిని తామే పరీక్షింతుమని నిలిచిరి. పొరుగువారి ఆ జాగరూకత తెలుగువారికి ఆదర్శము కాదగినది.

ప్రవాసాంధ్ర సంఘములకు ఈ విషయమున ఇతరులకు లేని అర్హత కలదు. తెలుగును తమిళమును, తెలుగును కన్నడమును, తెలుగును ఒడియాను, తెలుగును మరాఠీని సమానముగ నెరిగినవారు ఈ సంఘములలోనే యున్నారు. యంత్రమునకు లేనిది సరిగా ఆ నేరుదారియే. సంఘముల నివేదికలు, సభావిశేషములు, కథలు, సామెతలు రెండు భాషలలో, ఆంగ్లము నడుమ లేకుండ, మనుష్యులచే అనువదింపజేసి యూనికోడ్ అక్షరములలో ప్రకటించినచో అది పిల్లలకు పాఠము, యంత్రమునకు గూడ పాఠము. హోసూరు తెలుగు, షోలాపురపు తెలుగు, బరంపురపు తెలుగు ఉన్నవున్నట్లు అచ్చుకెక్కనిచో యంత్రము వానిని తప్పుతెలుగుగా నెంచి దిద్దజూచును. ఆ ఇండ్ల పిల్లలు యంత్రమును నమ్మి తమ అవ్వ మాటాడినది తప్పనుకొందురు.

లిపియెరుగని మనుమనికి తాత ఉత్తరమును చదివి వినిపింపగల యంత్రమును నిరాకరించుట అవివేకము. కాని ఆ ఉత్తరములో తాత ‘మనము’ అన్నాడో ‘మేము’ అన్నాడో తెలియవలెనన్న, ఆ మనుమడు వర్ణమాలను నేర్చి మూలమును ఒకసారి తానే చూడవలసి యుండును. అంత మాత్రపు తెలుగును నేర్పు ఆదివారపు బడి ప్రతి సంఘమునను నడచుట ఈ యంత్రము వచ్చిన తరువాత మునుపటికంటె నెక్కువ అవసరమైనది.